మోదుగ డొంక

తంగెడుపల్లి,
15-12-1985.

చేకూరి వెంకటరావమ్మ, కీర్తిశేషులు చేకూరి నాగభూషణం భార్య, వయసు డెబ్బై రెండు, పొదిలి దగ్గర తంగెడుపల్లిలో కాపురం, పుట్టిల్లూ మెట్టినిల్లూ అదే ఊరు, ఇంట్లో కొడుకు శేషగిరి, కోడలు, ఒక జత ఎడ్లు, ఒక పాడి బర్రె, చదువు లేదు, నోరూ చెవులూ సక్రమంగా పనిచేస్తున్నవి. మంగళగిరిలో ఉంటున్న నా తమ్ముడు, రిటైరైన డ్రాయింగు మాస్టరు అంకినీడుకు చెప్పి రాయిస్తున్నది.

ఉత్తరం ఇలా మొదలుపెట్టకూడదని కరీమున్ అంటోంది. "దీవించి వ్రాయునది" అని ఉండాలట. నా బతుకులో నేను రాయించినవన్నీ రిజిస్ట్రారు కచేరీలో కాగితాలే. అక్కడ ముందు మనిషెవరో తేల్చుకుని తర్వాత సంగతిలోకి వస్తారు. నాకు ఆ పద్ధతే నచ్చింది. కరీమున్ అంటే మా పక్కింటి ఖాజావలి పెళ్ళాం. జాకెట్లు కుడుతుంది. పదో తరగతి దాకా చదివింది. శేషగిరి చేత రాయిస్తే నేను తిట్టినవన్నీ మింగేసి "ఇక్కడ అందరం క్షేమం" అని పెడుతున్నాడని తెలిసింది. అందుకని మనిషిని మార్చాను.

నీ ఉత్తరం అందింది. నీ కళ్ళకు నీటికాసులు వచ్చాయని, పక్కచూపు పోయిందని, ఎదురుగా ఉన్నది మాత్రం కనిపిస్తోందని, అదీ ఎన్నాళ్ళో ఉండదని గుంటూరు డాక్టరు చెప్పాడని రాశావు. విన్నాను. ఆ డాక్టరు వయసెంత? మీసం వచ్చిందా? అమ్మ పోయినప్పుడు నువ్వు బతకవని చెప్పిన వైద్యుడు కూడా ఇంతే ఖాయంగా చెప్పాడు. నిన్ను చంకన వేసుకుని పెంచిన దాన్ని నేను. నీ కళ్ళ సంగతి నన్నడగకుండా ఎవరో తేల్చేస్తే ఊరుకోను. చుక్కల మందు మాత్రం మానవద్దు.

ఇక రెండో సంగతి. ఏదో దేశంలో ఆకులు పండే కాలంలో జనం కార్లెక్కి, పెద్దరోడ్లు వదిలి చిన్న దారుల్లో మెల్లగా పోతూ చెట్లు చూస్తారని పుస్తకంలో బొమ్మలు చూశానన్నావు. మనకూ అలాంటి దారి ఒకటుంది కదా, చిన్నప్పుడు నాన్న బండిలో మేనత్త ఊరు కాకర్లమెట్టకు పోయిన డొంక, చూపున్నప్పుడే నీతో కలిసి ఒక్కసారి ఆ మోదుగల ఎరుపు చూడాలి, అన్నావు. చూద్దాం. అడ్డు చెప్పను. కానీ జనవరిలో వస్తానంటున్నావే, అప్పుడేం చూస్తావు? ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది. ముందు వేప పండాలి, రావి రాలాలి, మోదుగ మోడు కావాలి, ఆ తర్వాత పువ్వు. మాఘ పౌర్ణమి దాటాక రా. ఈ ఏడు అధిక శ్రావణం వచ్చి మాఘం ఆలస్యమైంది కాబట్టి అప్పటికి పూత నిండుగా ఉంటుంది. ఇంకొకటి, తారురోడ్డు మీద పొదిలి నుంచి చుట్టు తిరిగి పోదామన్నావు. ఆ రోడ్డు మీద లారీలు తప్ప ఏముంది? పోతే డొంకనే పోతాం.

ఇట్లు, నీ అక్క వేలిముద్ర. నీ మరదలికి... (నా మరదలికి అని ఆమె ఉద్దేశం - కరీమున్) దీవెనలు.

—

మంగళగిరి,
26-12-1985.

అక్కయ్యకు అంకినీడు నమస్కరించి వ్రాయునది.

నీ వాంగ్మూలం అందింది. నీ మరదలు చదువుతూ నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకుంది. కరీమున్ గారి చేతిరాత గుండ్రంగా, పెద్దగా ఉంది. నాకు అది మేలు. ఆమెకు నా కృతజ్ఞతలు చెప్పు.

డాక్టరుకు మీసం ఉంది అక్కయ్యా, నెరిసింది కూడా. నా చూపు ఎలా ఉందో నీకు తెలిసేలా చెబుతాను. మన ఇంట్లో పొయ్యి ఊదే గొట్టం ఉండేది కదా. దాన్ని కంటికి పెట్టుకుని లోకాన్ని చూడు. అలా ఉంది. గొట్టంలో పడినంత మేర అన్నీ స్పష్టమే, రంగులు కూడా. గొట్టం మాత్రం నెలనెలా సన్నబడుతోంది. మొన్న బజార్లో ఎదురుగా ఉన్న రిక్షాను చూశాను, పక్కన ఉన్న గేదె కనిపించలేదు. దానికి నా మీద కోపం లేదు, అది అదృష్టం. అందుకే జనవరి అన్నాను. మాఘ పౌర్ణమి అంటే ఫిబ్రవరి నెలాఖరు. నాకు భయంగా ఉంది. నువ్వు చెప్పావు కాబట్టి ఆగుతాను.

ఈ కోరిక పిచ్చిగా కనిపిస్తుందని తెలుసు. పిల్లలకు ఇన్నేళ్ళు బొమ్మలు నేర్పాను. ఎవరైనా ఎరుపు వెయ్యమంటే నా మనసులోకి ఆ డొంకే వచ్చేది. తెల్లవారుతుంటే బండి బయలుదేరేది. ఎడ్ల మెడలో గంటలు, గడ్డి మీద దుప్పటి, దాని మీద మనం. నీ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటే పైన కొమ్మలు పోతూ ఉండేవి. ఎక్కడో నిద్ర లేచేసరికి ఆకాశం అంతా ఎర్రగా ఉండేది. నేలా అంతే. నాన్న ఆ పువ్వుల మీద చక్రం పోనివ్వకుండా పక్కకు తోలేవాడు. ఆ రంగును ఎన్నిసార్లు కలిపానో. ఇటుక రంగు వచ్చేది, పారాణి రంగు వచ్చేది. అది మాత్రం రాలేదు.

మా వీధి చివర సిలార్ అని టాక్సీ తోలతాడు. అంబాసిడరు. అతనితో మాట్లాడాను. "డొంక వెడల్పెంత మాస్టారూ?" అని అడిగాడు. నువ్వే చెప్పాలి.

తమ్ముడు,
అంకినీడు.

—

తంగెడుపల్లి,
9-1-1986.

చిరంజీవి అంకినీడుకు దీవించి రాయిస్తున్నది. (ఈసారి కరీమున్ మాట విన్నాను.)

డొంక వెడల్పు ఎంతని అడుగుతారా? మనం పోతుంటే ఎదురు బండి వస్తే ఎవరూ ఎద్దుల్ని ఆపిన పాపాన పోలేదు. రెండు బళ్ళు పక్కపక్కన పోగా, మధ్యలో మనిషి తలమీద గంపతో నడిచేవాడు. అందులో ఆ సిలార్ కారు పట్టదా? దానికేమన్నా కొమ్ములున్నాయా?

ప్రయాణం ఎలా చేయాలో చెబుతున్నాను, రాసుకో. చీకటితోనే బయలుదేరాలి. మొదటి మజిలీ దిరిసెన చెట్టు దగ్గర, అక్కడ కాసేపు అలుపు తీర్చుకోవాలి. తర్వాత వాగు రేవులో నీళ్ళు పట్టాలి. మిట్ట ఎక్కేటప్పుడు బరువు తగ్గించటానికి మనుషులు దిగి నడవాలి. కాకర్లమెట్ట చేరేసరికి అన్నం వేళ అవుతుంది. చద్ది, మజ్జిగ, ఊరగాయ నేను తెస్తాను. తిరుగు ప్రయాణం ఆ పూటే పెట్టుకోకూడదు, పశువు ఓర్చదు. రాత్రికి అక్కడే ఎవరింట్లోనన్నా అరుగు అడుగుతాం.

(కారుకు అలుపు ఉండదని, ఆ దూరం అరగంట పని అని నేను చెప్పి చూశాను. "నీకు కారుందా?" అని అడిగారు. రాస్తున్నాను - కరీమున్.)

ఆ డొంక మీద నేను పోయి చాలా ఏళ్ళయింది. మేనత్త కుటుంబం చీరాల పోయి మగ్గాలు పెట్టుకున్న తర్వాత ఆ ఊరితో మనకు పనేముంది? మన మిట్ట చేను దాని పక్కనే ఉన్నా, మోకాళ్ళు పట్టేశాక సేద్యమంతా శేషగిరి చేతిలో పెట్టాను. నిన్న వాడితో ఈ ప్రయాణం సంగతి చెప్పాను. వాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మిరప కోతల్లో ఉన్నాం, ఇప్పుడు చెట్ల కోసం షికార్లేమిటని గొణిగాడు. కోడలు నా వైపు చూసి చూపు తిప్పుకుంది. ముసలిది కారెక్కితే ఊళ్ళో నవ్వుతారని వాళ్ళ బాధ. నవ్వనీ.

నీ అక్క వేలిముద్ర.

—

మంగళగిరి,
23-1-1986.

అక్కయ్యకు నమస్కారాలు.

నీ మజిలీలన్నీ సిలార్‌కు చదివి వినిపించాను. గడ్డి కూడా తెమ్మంటారా అని అడిగాడు.

అక్కయ్యా, ఒక మాట. డొంక అనే పట్టు వదిలేద్దామా? తారురోడ్డు పక్కన కూడా చెట్లున్నాయి. నాకు కావలసింది నీతో కలిసి కారులో కూర్చోవటం. శేషగిరి మిరపకాయ వేసుకుని గుంటూరు మార్కెట్‌కు వచ్చాడు, నన్ను చూడటానికి ఇంటికి కూడా వచ్చాడు. నా కళ్ళ సంగతి అడిగి బాధపడ్డాడు. మంచివాడు. డొంక గురించి వాడినే ఒకసారి నెమ్మదిగా అడుగు. కోప్పడకుండా అడుగు. నేను ఇంతకంటే రాయలేను, ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

చూపు అలాగే ఉంది. కొంచెం తగ్గిందేమో. చుక్కల మందు మానలేదు.

అంకినీడు.

—

తంగెడుపల్లి,
4-2-1986.

అంకినీడుకు.

కోప్పడకుండా అడగమన్నావు. అడగలేదు. ఖాజావలి చేత బండి కట్టించుకుని నేనే పోయి చూశాను.

డొంక లేదు.

దిరిసెన చెట్టు దాకా దారి ఉంది. అవతల, ఊరి చేలు మొదలయ్యే చోట, అంతా పత్తి. బండి ఆగిపోయింది. నేను దారి తప్పామేమో అనుకుని ఖాజావలిని తిట్టాను. పాపం వాడు, "ఇదే పెద్దమ్మా, ఇక్కడే ఉండేది" అన్నాడు. ఎడమవైపు మన చేను, కుడివైపు బుల్లయ్య చేను. బుల్లయ్యంటే నీతో బడికి వచ్చిన కోటయ్య కొడుకు. ఈ రెండు చేల మధ్య నుంచి కదా మోదుగల కిందుగా డొంక పోయేది. ఇప్పుడు వీడి చేనూ వాడి చేనూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. వీడి పత్తి మొక్కా వాడి పత్తి మొక్కా చేతులు పట్టుకుని నిలబడ్డాయి.

ఇంటికొచ్చి శేషగిరిని నిలబెట్టాను. వాడు చెప్పింది ఇది. దుక్కి దున్నేటప్పుడు బుల్లయ్య గట్టు దాటి డొంకలోకి ఒక సాలు ఎక్కువ వేశాడట. ఊరుకుంటే చేతకానివాడనుకుంటారని మనవాడు ఇటువైపు నుంచి ఒక సాలు వేశాడట. మరుసటేడు వాడొక సాలు, వీడొక సాలు. బళ్ళు తగ్గాయి, ట్రాక్టర్లు తారురోడ్డునే పోతున్నాయి, అడిగేవాడు లేడు. అలా ఏటికో సాలు కలుపుకుంటూ వచ్చి ఇద్దరూ మధ్యలో కలుసుకున్నారు. బుల్లయ్యను పిలిపించి అడిగితే అదే కథ తిరగేసి చెప్పాడు, మొదటి సాలు మనవాడిదట. ఇద్దరూ నా అరుగు మీద నిలబడి మొదటి సాలు ఎవరిదని వాదించుకున్నారు. నాన్న నడిచిన దారిని నాగలితో తిన్నారని ఒక్కడికీ సిగ్గులేదు.

మర్నాడు పొద్దున్నే పోయి ఆ పత్తి మధ్యలో కూర్చున్నాను. మొక్కలు పీకితే గానీ లేవనన్నాను. శేషగిరి బతిమాలాడు. కోడలు అన్నం తెచ్చింది, తిన్నాను. కోపం వాడి మీద గానీ అన్నం మీద కాదు. మధ్యాహ్నానికి ఊరు సగం చేరింది. బుల్లయ్య వచ్చి నా ముందు గొంతుకూర్చుని, "అత్తా, ఇంకో తీత పత్తి ఉంది. అది ఏరుకున్నాక నేనే పీకిస్తా, పెద్దమనిషివి, ఇంటికి పో" అన్నాడు.

"నా తమ్ముడి చూపు నీ మూడో తీత దాకా ఆగుద్దని రాసిస్తావా?" అన్నాను.

నీ కళ్ళ సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. చిన్నప్పుడు నువ్వు వాళ్ళ నాన్న బొమ్మ బొగ్గుతో గోడ మీద గీశావట, ఆ గోడకు ఇప్పటికీ సున్నం వెయ్యలేదట. ఆ మాట చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి తన వైపు మొక్కలు పీకించటం మొదలుపెట్టాడు. అది చూసి మనవాడూ దిగాడు. పొలిమేర దాకా పీకటం అవుతోంది. దారి తెరుచుకుంటుంది.

▬▬▬▬▬▬▬▬▬▬▬▬
▬▬▬▬▬▬▬▬▬

(పై రెండు పంక్తులు చెప్పి, రాశాక కొట్టేయమన్నారు. బాగా కొట్టేశావా అని దీపం దగ్గర పెట్టించి చూశారు. కొట్టేశాను - కరీమున్.)

శేషగిరితో మాట్లాడటం లేదు. ఏమన్నా కావాలంటే బర్రెతో చెబుతున్నాను, వాడు వింటున్నాడు.

నీ అక్క వేలిముద్ర.

—

మంగళగిరి,
13-2-1986.

అక్కయ్యకు,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర పట్టటం లేదు. నా రెండు కళ్ళ కోసం నువ్వు కొడుకుతో మాటలు మానుకున్నావు. నిలబడి ఉన్న పంట పీకించావు. నేను ఆ ఉత్తరం రాయకుండా ఉండవలసింది. ఈ ప్రయాణం వద్దు. శేషగిరిని నేను చెప్పానని పిలిచి అన్నం పెట్టు. వాడు ఆ రోజు మా ఇంట్లో కూర్చుని, "అమ్మకు తెలిస్తే నన్ను చేలో నిలబెట్టి పాతేస్తది మామయ్యా, చెప్పమాక" అన్నాడు. వాడు భయపడింది నీ కోపానికి కాదు, నీ మనసు కష్టపెట్టటానికి.

కొట్టేసిన రెండు పంక్తుల్లో ఏముంది? భూతద్దం పెట్టి చూశాను, ఎండకు పట్టి చూశాను. నీ మరదలిది, నాది ఒకటే అనుమానం. రోజంతా ఎండలో కూర్చున్నావు. నీకు జబ్బు చేసిందని, అది నాకు తెలియకూడదని కొట్టేయించావు. నిజం చెప్పు. జబ్బయితే డాక్టరును వెంటబెట్టుకుని వస్తాను. కరీమున్ గారూ, ఆమె చెప్పకపోతే మీరైనా ఒక ముక్క రాయండి.

గొట్టం ఇంకొంచెం సన్నబడింది. ఇప్పుడు మనిషిని చూడాలంటే ముందు ముక్కు చూసి, తర్వాత కళ్ళు చూసి, తర్వాత నోరు చూసి కలుపుకోవలసి వస్తోంది. నీ ముఖం నాకు కలుపుకోకుండానే వస్తుంది, అందులో ఇబ్బంది లేదు.

అంకినీడు.

—

తంగెడుపల్లి,
20-2-1986.

అంకినీడుకు.

నాకు జబ్బూ లేదు, గిబ్బూ లేదు. నీ డాక్టరును నువ్వే ఉంచుకో. కొట్టేసిన దాంట్లో ఏముందో కొట్టేసినప్పుడే పోయింది, ఇక అడగవద్దు. కరీమున్‌ను కూడా అడగవద్దు, ఆమె నాకు ఒట్టేసింది. (అవును, వేశాను - కరీమున్.)

వద్దనటానికి ఇప్పుడు నీకు హక్కు లేదు. పీకిన పత్తి మళ్ళీ అతుక్కోదు. దారి తెరిచాం. ఖాజావలి బండి తోలి చూశాడు, కాకర్లమెట్ట దాకా పోతోంది. శేషగిరితో మాట్లాడాను. బర్రెకు కూడా విసుగొచ్చింది.

పౌర్ణమి సోమవారం. ప్రయాణం ఆ గురువారం. ముందు రోజు సాయంత్రానికే సిలార్ కారుతో ఇక్కడికి చేరాలి. ఎండ బాగా ఎక్కాక బయలుదేరదాం. చీకటితోనే అన్నాను గానీ, నీకు వెలుగు కావాలి. కారు ఎద్దు నడక మించి పోకూడదు. నువ్వు ముందు సీట్లో వద్దు, వెనక నా పక్కన కూర్చో. నేను ఎటు చూడమంటే అటే చూడాలి. అక్కడా ఇక్కడా వెతుక్కుంటూ ఉన్న చూపును పాడుచేసుకోవద్దు. చెట్ల సంగతి నాకు వదిలెయ్యి.

బుల్లయ్య నిన్ను చూడాలంటున్నాడు.

నీ అక్క వేలిముద్ర.

—

మంగళగిరి,
6-3-1986.

అక్కయ్యకు అంకినీడు నమస్కరించి వ్రాయునది.

క్షేమంగా చేరాం. వినుకొండ దగ్గర టైరు పంక్చరైంది, అంతకంటే ఏమీ లేదు. నువ్వు కట్టిచ్చిన పచ్చడి సిలార్ సగం పట్టుకుపోయాడు.

వచ్చి వారం కావస్తోంది. రోజూ ఆ ప్రయాణం మొదటి నుంచి తలచుకుంటున్నాను. ఎద్దు నడక అన్నావని సిలార్ మొదటి గేరు దాటలేదు. దిరిసెన చెట్టు చేరేసరికి ఇంజను కాగిపోయి ఆగింది. "చూశారా, ఇక్కడ అలుపు తీర్చుకోవాలని ముందే చెప్పాను" అన్నావు. వాగు రేవులో మళ్ళీ ఆగి రేడియేటరుకు నీళ్ళు పట్టాం. మిట్ట ఎక్కలేకపోతే అందరం దిగి నడిచాం. నీ లెక్కలో ఒక్క మజిలీ కూడా తప్పలేదు. నాకు నవ్వొచ్చి, ఆ నవ్వులో ఏడుపొచ్చింది.

వేపలు పండి ఉన్నాయి. గాలి వీస్తే పసుప్పచ్చని ఆకులు కారు బానెట్ మీద రాలి జారిపోయాయి. రావి కొత్త చిగురు రాగిచెంబు తోమినట్టుంది. దిరిసెన ఎండుకాయలు గలగలమంటుంటే నాన్న ఎడ్ల గంటలు వినిపించాయి. నేను ఒక్క రెమ్మ మీద చూపు నిలిపేవాణ్ణి, మిగిలిన చెట్టంతా నువ్వు చెప్పేదానివి. పైన కాకి గూడుంది, కింద గొర్రెలున్నాయి, ఎడమ కొమ్మ ఎండిపోయింది, అని. అలా చెట్టు తర్వాత చెట్టు ఇద్దరం కలిసి చూశాం.

మన చేను దగ్గరికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు చూడరా. నేల మీద చూడు. మోదుగ రాలింది" అన్నావు.

చూశాను. నేలంతా ఎరుపు. కొంత ఎడం, మళ్ళీ ఎరుపు. కారు కదులుతున్నంతసేపూ అలా వస్తూనే ఉంది. నాలుగేళ్ళ పిల్లవాణ్ణి అయిపోయాను. ఇంక నా చూపు ఆ పూటే పోయినా సరేననిపించింది.

అప్పుడు సిలార్ తుమ్మాడు. తర్వాత నేను తుమ్మాను. నువ్వు కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూ, "మోదుగ పుప్పొడి" అన్నావు.

అక్కయ్యా, జీవితమంతా రంగులు కలిపినవాణ్ణి. మోదుగ ఎరుపులో కాషాయం ఉంటుంది. నేను చూసిన ఎరుపులో లోపల నలుపుంది. అది ఎండిన మిరపకాయ. కల్లం అంటే ఒక్కచోట దట్టంగా పోస్తారు. దారి వెంట, ఒక్కో చెట్టు నీడ పడేంత మేర గుండ్రంగా పోసి, మధ్యలో ఎడం వదిలి, మళ్ళీ గుండ్రంగా పోసిన కల్లాన్ని నేను ఎక్కడా చూడలేదు. పైకి కొమ్మల్ని చూద్దామని తల ఎత్తబోతే నా గడ్డం పట్టుకుని కిందికి వంచావు. అప్పుడు తెలిసింది, కొట్టేసిన రెండు పంక్తుల్లో ఉన్నది నీ జబ్బు కాదని. డొంకతో పాటు చెట్లు కూడా పోయాయి కదా. దారి తెరిపించగలిగావు, చెట్లను లేపలేకపోయావు.

ఏ మోదుగ ఎక్కడ ఉండేదో తలచుకుని ఆ చోట్లన్నీ చూపించింది నువ్వే అయి ఉంటావు. బుల్లయ్య తన మిరపకాయను అంత దూరం మోయించి దుమ్ములో ఎలా పోశాడో నాకు అర్థం కావటం లేదు. పొలిమేర దాకా కారు పక్కనే నడిచి వచ్చాడు.

తప్పు పట్టటానికి రాయటం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. కొన్నాళ్ళకు నాకు చీకటి తప్ప ఏమీ ఉండదు. అప్పుడు ఆ ఎరుపు ఒక్కటే మిగులుతుంది. నేను చూసింది ఏమిటని దాచుకోవాలి? నువ్వు మిరప అంటే మిరప అనే దాచుకుంటాను. నీ నోటితో చెప్పు.

తమ్ముడు,
అంకినీడు.

—

తంగెడుపల్లి,
17-3-1986.

చేకూరి వెంకటరావమ్మ, కీర్తిశేషులు చేకూరి నాగభూషణం భార్య, వయసు డెబ్బై రెండు, తంగెడుపల్లి కాపురం, ఎవరి బలవంతం లేకుండా, పూర్తి తెలివితో, తన తమ్ముడు అంకినీడుకు రాయించి ఇస్తున్న వాంగ్మూలం.

నువ్వు చూసింది మోదుగ.

నీ అభ్యంతరాలకు వరుసగా జవాబు చెబుతున్నాను. తుమ్ములు వచ్చాయన్నావు. మిరప కోతల కాలంలో ఈ చుట్టుపక్కల తుమ్మని మనిషెవరు? నిద్రలో కూడా తుమ్ముతాం. గడ్డం పట్టుకుని వంచానన్నావు. ఎండ నేరుగా కంట్లో పడుతుంటే వంచనా? డాక్టరు ఎండ చూడొద్దని నీకు చెప్పలేదా? చెప్పకపోతే వాడు డాక్టరే కాదు.

రంగు తేడా పట్టానన్నావు. మోదుగ ఎరుపును ఇన్నేళ్ళు కలిపినా రాలేదని నువ్వే ఉత్తరం రాశావు. ఆ ఉత్తరం కరీమున్ దగ్గర భద్రంగా ఉంది. నీకు రాని రంగును చూసి ఇది అది కాదని ఎలా తీర్పు చెబుతావు?

కాయ గుండ్రంగా పోసి ఉందన్నావు. బుల్లయ్యను పిలిపించి ఈ మాట చదివి వినిపించాను. వాడు, "నా కాయ ఆ రోజు నా కల్లంలోనే ఉందని రాయమను అత్తా, నేను సంతకం పెడతా" అన్నాడు. శేషగిరి లోపల్నుంచి వచ్చి, "నాది కూడా" అన్నాడు. ఇన్నేళ్ళకు ఇద్దరూ ఒక మాట మీద నిలబడ్డారు. దాన్ని నువ్వు కాదంటే నాకు కోపం వస్తుంది.

ఇక నీకు తెలియని సంగతి. నిద్ర లేచేసరికి ఆకాశం ఎర్రగా ఉండేదని రాశావు. నువ్వు లేవలేదు, నేను లేపాను. అమ్మ పోయిన ఏడాది అది. మేనత్త దగ్గర కొన్నాళ్ళు ఉంచుదామని నాన్న మనల్ని తీసుకుపోతున్నాడు. దారంతా అమ్మ కావాలని ఏడ్చి ఏడ్చి పడుకున్నావు. మళ్ళీ లేస్తే ఏడుస్తావని నాకు గుబులు. నేనూ పిల్లనే, నిన్ను ఎలా ఊరుకోబెట్టాలో తెలియదు. అప్పుడు ఆ చెట్లు వచ్చాయి. వాటి పేరు నాకు కూడా తెలియదు. నాన్నను అడిగితే ఆయన పలకలేదు. ఆయన ముఖం చూసి మళ్ళీ అడగలేదు. నిన్ను కుదిపి లేపి, "అదుగో, మోదుగ" అన్నాను. మోదుగాకు విస్తళ్ళు ఇంట్లో కుట్టేవాళ్ళు కదా, ఎర్రగా పూసేది అదే అయి ఉంటుందని తోచి అనేశాను. నువ్వు నోరు తెరుచుకుని చూశావు. ఏడుపు ఆపావు. అది నిజంగా మోదుగే అని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ళ తర్వాత.

ఆ రోజు చెప్పింది నేనే. నువ్వు నమ్మావు. ఈ రోజు చెబుతున్నదీ నేనే. కాబట్టి సదరు డొంక వెంట, మన చేను మొదలు పొలిమేర వరకు, 1986 ఫిబ్రవరి నెలాఖరు గురువారం నాడు నువ్వు కళ్ళారా చూసిన ఎరుపు యావత్తూ మోదుగ అనీ, ఇకపై నువ్వు గానీ, నీ డాక్టరు గానీ, మరెవరు గానీ దాన్ని మరొకటని అన్నచో చెల్లదనీ ఇందుమూలంగా ఖాయం చేస్తున్నాను. చదివి వినిపించగా విన్నాను. ఒక్క అక్షరం కొట్టేయించలేదు.

చేకూరి వెంకటరావమ్మ
ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
1. బుల్లయ్య, కోటయ్య కొడుకు (చేవ్రాలు)
2. చేకూరి శేషగిరి (చేవ్రాలు)
వ్రాసినది: కరీమున్, ఖాజావలి భార్య. నేనూ ఆ రోజు డొంక దగ్గరే ఉన్నాను. మోదుగే.